అడగడం అందరి ముందూ, లెక్క ఒక్కరికే: టిప్పు మిషను మీద ఒక సర్వరు రివ్యూ

టిప్పు అడిగే ఈ కార్డు మిషన్ల మీద నేను చదివిన రివ్యూలు రెండు రకాలు. ఓనర్లు రాసినవి ఒక రకం: బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ప్రతి బిల్లు మీదా ఎంత కోత పడుతుంది, డబ్బు ఎన్ని రోజులకి అకౌంటులో పడుతుంది. తినడానికి వచ్చినవాళ్లు రాసినవి రెండో రకం: మొహం మీదే టిప్పు అడుగుతోంది, సిగ్గులేదా అని. దాన్ని రోజంతా చేత్తో పట్టుకుని బల్ల బల్లకీ తిరిగేవాళ్లు రాసింది మాత్రం నా కంటబడలేదు. ఆ లోటు నేను తీరుస్తాను.

నేను తొమ్మిదేళ్లుగా సర్వరుని. మొదటి ఎనిమిదేళ్లు దాదాపుగా బిల్లు ఫోల్డరుతోనే గడిచాయి. ఆ నల్ల అట్ట ఫోల్డరు తెలుసుగా, లోపల బిల్లు, పైన పెన్ను. గత పద్నాలుగు నెలలుగా మిషను. కంపెనీ పేరు రాయను. నేను చూసినవన్నీ ఒక తల్లి పిల్లల్లాగే ఉన్నాయి, ఒకదాన్ని తిట్టి ఇంకోదాన్ని మెచ్చుకునేంత తేడా లేదు.

ముందు వస్తువు సంగతి. అరచేతిలో ఇముడుతుంది, ఏప్రన్ జేబులో ఇమడదు. బరువు పెద్దగా లేదనిపిస్తుంది కానీ ఎడమ చేతి మీద ప్లేట్లు ఉన్నప్పుడు కుడి చేతికి అదో అదనపు పని. రాత్రి రద్దీ సరిగ్గా ముగింపుకి వచ్చి, ఆరు బల్లలవాళ్లు ఒకేసారి బిల్లడిగే సమయానికి ఛార్జింగు అడుగంటుతుంది. కాగితం చుట్ట మార్చడం నిజానికి సులువే, కాకపోతే తిరగేసి పెడితే అచ్చు పడదు, కంగారులో ఎప్పుడూ తిరగేసే పెడతాం. స్తంభం పక్కనున్న బల్ల దగ్గర సిగ్నలు ఉండదు. అక్కడ కూర్చున్నవాళ్లని చేత్తో కార్డు పట్టుకుని నా వెనకాల నడవమంటాను. పెళ్లి ఊరేగింపులా ఉంటుంది. ఇవన్నీ సర్దుకుపోవచ్చు.

అసలు విషయం ఆ తెర. బిల్లు మొత్తం కనిపించగానే, కార్డు పెట్టకముందే, టిప్పు పేజీ వస్తుంది. మూడు పెద్ద పెట్టెలు: 15 శాతం, 18 శాతం, 20 శాతం. వాటికింద ‘వేరే మొత్తం’ అని ఇంకాస్త చిన్న పెట్టె. అట్టడుగున, బూడిద రంగులో, చత్వారం వచ్చినవాళ్లకి కనబడని సైజులో ‘టిప్పు వద్దు’. ఈ అమరిక వెనక ఉన్న లెక్క నాకు వారంలోనే అర్థమైంది. తక్కువది నొక్కితే పిసినారి అనుకుంటారేమో, ఎక్కువది నొక్కితే మనకే బాధ, అందుకని చాలామంది వేలు తిన్నగా మధ్య పెట్టె మీద వాలుతుంది. మధ్య పెట్టెలో ఏ అంకె ఉంటే అదే మర్యాద అయిపోతుంది. అక్కడ 18 ఉందా 12 ఉందా అన్నది నిర్ణయించేది తినేవాళ్లూ కాదు, వడ్డించేవాళ్లూ కాదు. సెట్టింగుల్లోకి వెళ్లే పాస్‌వర్డు ఎవరి దగ్గరుంటే వాళ్లు.

డబ్బు పెరిగిందా అంటే పెరిగింది. దాచడం దేనికి. నా చిన్న నోటుబుక్కులో ఏ రోజు చేతికెంత వచ్చిందో మొదటి ఉద్యోగం నుంచీ రాసుకుంటున్నాను. కార్డు మీద ఇచ్చేవాళ్లు ఇదివరకు చాలామంది బిల్లు మొత్తం గీకేసి, జేబులో చిల్లర లేదని మొహమాటంగా నవ్వి వెళ్లిపోయేవాళ్లు. వాళ్లందరూ ఇప్పుడు ఎంతో కొంత ఇస్తున్నారు. అడగందే అమ్మైనా పెట్టదు, అది నిజమే. ఎంగిలి చేత్తో కాకిని తోలనివాళ్లు మాత్రం మారలేదు. బూడిద రంగు అక్షరాలు వాళ్లకి మహా చక్కగా కనిపిస్తాయి.

అయితే ఫోల్డరు చేసే పని ఒకటి మిషను చెయ్యదు. ఫోల్డరు బల్ల మీద పెట్టి నేను వెళ్లిపోయేదాన్ని. అటు తిరిగి నీళ్ల జగ్గులు నింపుకునేదాన్ని. ఇచ్చేవాళ్లు ఇచ్చేటప్పుడు నేను ఉండేదాన్ని కాదు, నేను తెరిచి చూసేటప్పటికి వాళ్లు తలుపు దాటేవాళ్లు. ఎక్కువ పెట్టినా తక్కువ పెట్టినా ఒకరి మొహం ఒకరం చూసుకోనవసరం లేదు. ఆ రెండు నిమిషాల ఎడం ఇద్దరికీ మర్యాద మిగిల్చేది. మిషనుకి ఆ ఎడం లేదు. నేను చాచి పట్టుకోవాలి, వాళ్లు నొక్కాలి, ఇద్దరి మధ్యా జానెడు దూరం.

మొదటి వారం నా కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెర వైపు చూస్తే అడుక్కున్నట్టుంటుంది. మొహం వైపు చూస్తే నిలదీసినట్టుంటుంది. చివరికి నేను కనిపెట్టిన ఉపాయం, పక్క బల్ల మీద లేని మరకని చూస్తూ నిలబడడం. మా కుర్రాడొకడు పైకప్పు లైట్లు లెక్కపెడతాడు. ఇంకొకావిడ మిషను వాళ్ల చేతికే ఇచ్చేసి రెండడుగులు వెనక్కి వేస్తుంది. అందరిలోకీ ఆవిడదే మంచి పద్ధతి. తరవాత నేనూ అదే మొదలుపెట్టాను. కొత్తగా చేరినవాళ్లకి మెనూ కంటే ముందు అదే నేర్పిస్తాను.

వేలు పెట్టె మీద ఆడించి తల ఎత్తే మనుషులు మాత్రం ఆ రెండడుగుల దూరాన్ని కూడా వాడుకుంటారు. ఒక రాత్రి, నలుగురున్న బల్ల. బిల్లు కట్టేవాడు మిషను చేతిలోకి తీసుకుని, చూపుడు వేలు గాలిలో పెట్టి, "ఎంత నొక్కమంటావు అమ్మాయ్?" అన్నాడు. మిగతా ముగ్గురూ నవ్వారు. నేను "మీ ఇష్టం సార్" అన్నాను. "నవ్వితే ఇరవై నొక్కుతా" అన్నాడు. తొమ్మిదేళ్లలో ఇలాంటివి వినలేదని కాదు. ఫోల్డరు రోజుల్లో నేను అటు తిరిగి వెళ్లిపోగలిగేదాన్ని. ఇప్పుడు మిషను అతని చేతిలో ఉంది, అది తిరిగి ఇచ్చేదాకా నేను కదలలేను. కదిలితే మిషను పోగొట్టిందని నా మీదికే వస్తుంది. నవ్వలేదు. అతను 15 నొక్కాడు. నా జీతం చీటీలో ఆ పదిహేను శాతం ఎక్కడో కలిసిపోయి ఉంటుంది, ఏదో తెలియదు కాబట్టి విడదీసి పారెయ్యనూ లేను.

టిప్పు అంటే సర్వీసుకి మార్కులు అని అనుకునేవాళ్లకి ఒక మాట. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం ప్రొఫెసరు మైకేల్ లిన్ దశాబ్దాల పాటు టిప్పుల మీదే పరిశోధన చేశారు. సర్వీసు బాగుండడానికీ టిప్పు పెరగడానికీ మధ్య సంబంధం ఉంది గానీ అది చాలా పలచనిదని ఆయన తేల్చారు. నా నోటుబుక్కు కూడా అదే చెబుతుంది. నేను ఒళ్లు హూనం చేసుకుని పరిగెత్తిన రాత్రులూ, ఆర్డరు మరిచిపోయి రెండుసార్లు క్షమాపణ చెప్పిన రాత్రులూ ఆ అంకెల్లో పోల్చుకోలేను. బిల్లు వెనక నవ్వు మొహం గీస్తే మహిళా సర్వర్లకి టిప్పు పెరిగిందనీ, మగవాళ్లకి పెరగలేదనీ 1996లో ఒక అధ్యయనం వచ్చింది. బిల్లుతో పాటు చిన్న చాక్లెట్టు ఇస్తే పెరిగిందని 2002లో ఇంకొకటి. సర్వర్లందరి మీదా అజమాయిషీ చేసే మా పాత కెప్టెనుకి ఈ అధ్యయనాలేవీ తెలియవు, అయినా రెండూ చేయించేవాడు. నేను నవ్వు మొహాలు గీసినదాన్నే. కొన్నాళ్లకి పెన్ను పట్టుకుంటేనే నా మొహంలో నవ్వు పోయేది. మిషను వచ్చాక ఆ బొమ్మ పని తప్పింది, దానికొక అర నక్షత్రం.

అదే కెప్టెను నా మొదటి రోజున, టి, ఐ, పి అనే మూడక్షరాలు ‘త్వరగా పని జరగడానికి’ అనే అర్థమున్న ఇంగ్లీషు మాటలకి పొడి అక్షరాలని చెప్పాడు. చాలామంది చెప్పే కథే. నిజం కాదు. ఇవ్వడం అనే అర్థంలో ఆ మాట 17వ శతాబ్దపు ఇంగ్లండులో దొంగల పరిభాషలో ఉండేదట. దొంగల మాట అని తెలిసినప్పుడు నాకెందుకో నవ్వొచ్చింది. ఎందుకో కింద చెబుతాను.

ఈలోగా పిన్ను కథ చెప్పాలి, ఎందుకంటే ఈ మిషనులో ఉన్న అతి పెద్ద తయారీ లోపం ఇదే. ‘వేరే మొత్తం’ నొక్కితే అంకెల పలక వస్తుంది. పిన్ను కొట్టమన్నప్పుడూ అంకెల పలకే వస్తుంది. రెండూ కవల పిల్లలు. ఒక పెద్దాయన, కళ్లజోడు జేబులో ఉంది, కంగారులో వేలు ఎక్కడో తగిలి ‘వేరే మొత్తం’ తెరుచుకుంది. ఆయన పలక చూశాడు, పిన్ను అడుగుతోందనుకున్నాడు, నాలుగంకెలూ కొట్టి పచ్చ బటన్ నొక్కాడు. మళ్లీ పలక వచ్చింది. మొదటిసారి తప్పు కొట్టానేమో అనుకుని మళ్లీ కొట్టాడు. బిల్లుకి ఎన్నో రెట్లు టిప్పు పడింది. నేనేం చేస్తున్నాను? మర్యాదగా పక్క బల్ల మీది మరక చూస్తున్నాను.

కాగితం బయటికొచ్చాక నాకు గుండె జారింది. రద్దు చెయ్యడానికి మేనేజరు పాస్‌వర్డు కావాలి, మేనేజరు బయటికెళ్లాడు. పెద్దాయన్ని కూర్చోబెట్టి నీళ్లిచ్చి, మేనేజరు వచ్చేదాకా ఏవో కబుర్లు చెప్పాను. రద్దయింది గానీ డబ్బు వెనక్కి వెళ్లడానికి కొన్ని రోజులు పట్టింది. అన్నిటికన్నా విచిత్రం, ఆయన పిన్ను నంబరు మా బిల్లు కాపీ మీద టిప్పు అని అచ్చయి ఉంది. "పిన్ను మార్చుకోండి బాబుగారూ, ఇప్పుడది మా అందరికీ తెలుసు" అన్నాను. ఆయన పకపకా నవ్వి, వెళ్లేటప్పుడు కాస్త చిల్లర నా చేతిలో పెట్టాడు. టిప్పు పలకకి ఒక రంగు, పిన్ను పలకకి ఇంకో రంగు పెట్టాలని తయారుచేసినవాళ్లకి తట్టకపోవడం నాకింకా మింగుడు పడదు.

కొనబోయే ఓనర్లకి పనికొచ్చే మాట ఇంకొకటి. శాతాన్ని పన్ను కలపకముందు మొత్తం మీద లెక్కించాలా, కలిపిన తరవాతా అన్నది సెట్టింగుల్లో ఉంటుంది. మాది పెట్టెలోంచి తీసినప్పుడు కలిపిన తరవాతే ఉంది. పన్ను మీద కూడా టిప్పు ఎందుకివ్వాలని ఒక అకౌంటెంటు గారు నాతో పావుగంట వాదించారు. న్యాయంగా మాట్లాడారు. మేనేజరుకి చెబితే మార్చాడు. ‘టిప్పు వద్దు’ని కూడా కాస్త పెద్ద అక్షరాల్లో పెట్టమన్నాను, అది మార్చలేదు.

ఇక అసలు ఫిర్యాదు. ఫోల్డరు రోజుల్లో రాత్రి తలుపులు వేశాక, వెనకున్న చివరి బల్ల మీద డబ్బా బోర్లించేవాళ్లం. నోట్లు ఒకవైపు, చిల్లర ఒకవైపు. పాయింట్ల లెక్క ఒకటి ఉండేది. సర్వరుకి పది, బల్లలు తుడిచేవాళ్లకి ఆరు, వంటింట్లోవాళ్లకి అయిదు, గిన్నెలు కడిగేవాళ్లకి అయిదు. గిన్నెల దగ్గర ఒక పెద్దాయన ఉంటాడు, అందరం బాబాయ్ అంటాం. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల చివర నిలబడేవాడు. చిల్లర తనకే ఇమ్మనేవాడు. గొడవలు పడేవాళ్లం, పది నాకెందుకు అయిదు ఆయనకెందుకు అని నేనే ఒకసారి అడిగి తిట్లు తిన్నాను. కానీ డబ్బా బోర్లించినప్పుడు ఎంతుందో ఆ బల్ల చుట్టూ నిలబడ్డ ప్రతివాడికీ తెలుసు.

ఇప్పుడు టిప్పు మిషనులోకి వెళుతుంది. మిషనులోంచి ఓనరు అకౌంటుకి. అక్కణ్నుంచి నెలాఖరుకి జీతం చీటీలో ‘టిప్పులు’ అని ఒక్క అంకెగా దిగుతుంది. ఏ రోజుది ఎంత, మొత్తం ఎంత వచ్చింది, ఎవరెవరికి ఎంత వెళ్లింది, కార్డు ఫీజు కింద ఎంత కోశారు, ఏమీ ఉండదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ ఇద్దరి మీదా నిందవేసే వీలు కూడా లేదు, వరం ఎంతో తెలిస్తే కదా.

మిషనులో టిప్పుల రిపోర్టు అని ఒక పేజీ ఉంది. నాకది కొత్త అమ్మాయికి పని నేర్పిస్తున్నప్పుడు తెలిసింది. శిక్షణ కోసం ఇచ్చిన లాగిన్‌లో ఏ తాళమూ వెయ్యలేదు. సర్వరు వారీగా, రోజు వారీగా, బల్ల వారీగా అన్నీ ఉన్నాయి. ఫోన్ తీసి ఫొటో కొట్టాలనిపించింది, కొట్టలేదు. మాకిచ్చిన లాగిన్లలో ఆ పేజీ మూసేసి ఉంది. అంటే ఈ మిషను టిప్పు అడగడం మాత్రం మా చేత అందరి ముందూ అడిగిస్తుంది, లెక్క చెప్పేది ఒక్కరికి. తెలియనివ్వకపోవడం దాని చేతగానితనం అనుకుంటే నక్షత్రం తగ్గించి ఊరుకునేదాన్ని. తెలుసుకునే వీలు కూడా కొన్న డబ్బులోనే వచ్చింది, తాళం మనవాళ్లే వేశారు. దొంగల మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది ఇందుకే. మా ఓనరు దొంగ అనడం లేదు. లెక్క చూపించనివాణ్ని దొంగ అనీ అనలేం, దొర అనీ అనలేం.

ఇదేదో నా ఒక్కదాని చాదస్తం కాదు. బ్రిటన్‌లో టిప్పుల పంపకం మీద 2023లో చట్టం చేశారు, 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. టిప్పులోంచి యజమాని పన్ను తప్ప ఏమీ కొయ్యకూడదు, కార్డు ఫీజు కూడా. వచ్చిన టిప్పు మరుసటి నెలాఖరులోగా పనివాళ్లకి చేరాలి. పంపకం ఎలా చేస్తారో రాతపూర్వకంగా ఉండాలి, మూడేళ్ల లెక్కలు దాచాలి, పనివాళ్లు అడిగితే చూపించాలి. అమెరికాలో యజమానులూ, మేనేజర్లూ పనివాళ్ల టిప్పుల్లో వాటా తీసుకోకూడదని 2018లో చట్టం సవరించారు. భారతదేశంలో సంగతి కాస్త వేరు. బిల్లులో తనంతట తానే కలిసిపోయే సర్వీసు ఛార్జి కుదరదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అది తినేవాళ్ల జేబుని కాపాడే మాట. వచ్చిన టిప్పు గిన్నెల దగ్గరి దాకా చేరిందా అన్నది అందులో లేదు.

అసలు టిప్పు ఎత్తేసి జీతం పెంచితే పోలేదా అని నా స్నేహితురాలు అడుగుతుంటుంది. న్యూయార్కులో డానీ మేయర్ అనే పెద్ద రెస్టారెంటు యజమాని 2015లో అదే ప్రకటించాడు. టిప్పులు తీసేసి ధరలు పెంచాడు. 2020లో మళ్లీ టిప్పులు తెచ్చాడు. అదే దేశంలో టిప్పులు వచ్చే పనివాళ్లకి యజమాని ఇవ్వాల్సిన కనీస కూలి, కేంద్ర చట్టం ప్రకారం, 1991 నుంచీ గంటకి 2.13 డాలర్లే. టిప్పులు కలిపినా అందరికీ వర్తించే కనీస కూలి, గంటకి 7.25 డాలర్లకి చేరకపోతే మిగతాది యజమాని పూడ్చాలి. కొన్ని రాష్ట్రాలు అంతకంటే ఎక్కువ ఇప్పిస్తాయి. అలాంటి చోట తెర మీద మూడు పెట్టెలంటే సర్వరుకి అద్దె డబ్బులు. టిప్పు వద్దు అని నొక్కే ముందు, వాళ్ల జీతం ఎలా కట్టారో తెలిస్తే బాగుండుననిపిస్తుంది. ఎత్తెయ్యమని నేనడగను. తొమ్మిదేళ్లు దాని మీద బతికాను, నాకది లేని ఉద్యోగం ఎలా ఉంటుందో తెలియదు.

రిపోర్టు పేజీ సంగతి మేనేజరుని అడిగాను. మొదట "అదంతా మీకెందుకు" అన్నాడు. ఒక్కదాన్నే కాకుండా నలుగురం కలిసి వెళ్లి అడిగాక, రెండు వారాలకి మా లాగిన్లలో తెరిచారు. ఇప్పుడు షిఫ్టు అవగానే నా అంకె నాకు కనబడుతుంది. నోటుబుక్కులో రాసుకుంటాను. నెలాఖరు చీటీతో సరిపోల్చుకుంటాను. మొదటి నెల తేడా వచ్చింది, ఫీజు కోత అన్నారు, కాగితం మీద రాసిమ్మన్నాను. ఇచ్చారు.

కొనాలా వద్దా అంటే, కార్డుతో కట్టేవాళ్లు ఎక్కువగా వచ్చే చోటైతే కొనండి, తప్పదు. కొన్న రోజే రెండు పనులు చెయ్యండి. మిషను చేతికిచ్చి రెండడుగులు వెనక్కి వెయ్యమని మీ పనివాళ్లకి చెప్పండి, రిపోర్టు పేజీ తాళం తియ్యండి. తినడానికి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది చిన్నదే. నొక్కే ముందు "ఇది మీకు చేరుతుందా అమ్మా" అని అడగండి. నవ్వమని మాత్రం అడక్కండి.

అయిదుకి మూడు ఇస్తున్నాను. నిన్న రాత్రి నేను రిపోర్టు చూసుకుంటుంటే బాబాయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, పాత అలవాటు ప్రకారం బల్ల చివర నిలబడి, "నాకెంతొచ్చిందే?" అని అడిగాడు. గిన్నెలు కడిగేవాళ్లకి మిషనులో లాగిన్ ఇవ్వలేదు. వచ్చే వారం మళ్లీ మేనేజరు దగ్గరికి వెళుతున్నాం. అది తెరిచిన రోజున నాలుగో నక్షత్రం కలుపుతాను.